తూర్పున సముద్రం

ఆ గురువారం సాయంత్రం బహ్రెయిన్‌లో జింజ్ అనే పేటలోని మా గదిలో ఉన్న మనుషులు ముగ్గురు. ఒకడిని నేను. డ్రాఫ్ట్స్‌మన్‌ని, వయసు ఇరవై నాలుగు. రెండో ఆయన నా పక్క మంచం మేస్త్రీ. రాడ్డు పని. కాకినాడ దగ్గర సముద్రపు ఒడ్డున ఉన్న ఊరు ఆయనది, నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. మూడో ఆయన మా గదివాడు కాదు. సల్మానియా ఆసుపత్రిలో వార్డు పని చేసే నిజామాబాదు మనిషి, శుక్రవారం తెలుగు ప్రార్థన కూటాన్ని నడిపించేవాడు. గురువారం డ్యూటీ దిగి మా దగ్గర టీ తాగి వెళ్ళడం ఆయనకు అలవాటు. మేమిద్దరం ఆయన్ని పెద్దన్న అనేవాళ్ళం.

వస్తువులు: ఇనుప మంచాలు రెండు. మోత ఎక్కువ, చల్లదనం తక్కువ ఉన్న కిటికీ ఏసీ ఒకటి. గ్యాసు పొయ్యి, దానిమీద చేపల పులుసు. పాత తలుపు చెక్కతో నేను చేసుకున్న డ్రాయింగు బల్ల. బల్లమీద టీ గ్లాసులు మూడు, విప్పిన ఉత్తరం ఒకటి. గోడ వారగా సబ్బుల అట్టపెట్టెలో పుస్తకాలు పదకొండు.

ఆ పదకొండూ పటాల గురించి, ప్రయాణాల గురించి రాసినవే. మా ఆఫీసులో ఒక ముసలి సర్వేయరు ఉండేవాడు. ఉద్యోగం మానేసి తన దేశం వెళ్ళిపోతూ, మోసుకెళ్ళలేక ఆ పెట్టెను నా బల్ల కింద పెట్టి పోయాడు. నేను పాలిటెక్నిక్‌లో సర్వేయింగ్ చదివాను కానీ, పటం అనేదాని గురించి ఇన్ని పుస్తకాలు రాస్తారని అప్పటిదాకా తెలియదు. మాకు పటమంటే పరీక్షలో గీయవలసిన ఒక షీటు, అంతే.

పెట్టెలో ఉన్నవాటిని నేను మొదటి వారమే వర్గాలుగా విడదీసి అట్టలోపల రాసుకున్నాను. భూమి కొలిచే పద్ధతులు చెప్పేవి రెండు. పటాలు గీసినవాళ్ళ చరిత్ర చెప్పే లావు పుస్తకం ఒకటి. ఓడలవాళ్ళకు తీరాల సంగతి చెప్పేది ఒకటి. నిజంగా తిరిగి వచ్చినవాళ్ళ ప్రయాణాలు మూడు: ఎడారి ఒకటి, కొండలు ఒకటి, ఒక నది వెంబడి పడవ మీద ఒకటి. అసలు లేని ద్వీపాల గురించి, ఊహించి గీసిన దేశాల గురించి రెండు. చిరిగిన అట్లాసు ఒకటి. పదకొండోదానికి అట్టా లేదు, మొదటి నలభై పేజీలూ లేవు. దాంట్లో ఒకాయన ఒంటె మీద వెళ్తూనే ఉంటాడు. ఎక్కడినుంచి బయలుదేరాడో, ఎందుకు బయలుదేరాడో నాకు ఈనాటికీ తెలియదు. అన్నిటికంటే ఎక్కువసార్లు చదివింది దాన్నే.

అట్లాసులో బహ్రెయిన్ తన పేరులోని అక్షరాలకంటే చిన్నది. ఆ పేజీ మా అమ్మకు గీసి పంపాను, నేనున్న చోట ఎర్ర చుక్క పెట్టి. మా వరంగల్ వైపు గల్ఫులో ఎక్కడున్నా దుబాయే. పటం అందింది, దుబాయి చాలా చిన్నదిగా ఉంది, జాగ్రత్తగా ఉండు అని మా అమ్మ తమ్ముడితో రాయించింది.

సాయంత్రాలు మేస్త్రీ వంట చేస్తుంటే నేను బల్ల దగ్గర కూర్చుని ఆ పుస్తకాల్లోంచి కొంత కొంత తెలుగులో చెప్పేవాడిని. ఆయనకు నిజమైన ప్రయాణాలమీద అంత మనసు పోలేదు. ఎడారి ఆయనకు రోజూ డ్యూటీలో కనిపించేదే. లేని ద్వీపాలంటే మాత్రం గరిటె ఆపి వినేవాడు. ఒక కెప్టెను దూరాన మబ్బును చూసి ద్వీపమనుకుని రాసుకున్నాడనీ, తర్వాత రెండు వందల ఏళ్ళపాటు ప్రతివాడూ ముందువాడి పటం చూసి దాన్ని గీస్తూ పోయాడనీ చెప్పినప్పుడు ఆయన నవ్వలేదు. "మరి దాన్ని నమ్ముకుని పడవ కట్టుకుని పోయినోళ్ళ సంగతేంటండీ ఓవర్సీరుగారూ?" అన్నాడు. నేను ఓవర్సీరును కాను. బల్ల, సెట్‌స్క్వేర్ ఉన్నాయి కాబట్టి ఆయన నాకిచ్చిన హోదా అది.

ఆయనలో నాకు బాగా నచ్చింది దిక్కులు. గదిలో కుడి, ఎడమ అనే మాటలు వాడేవాడు కాదు. ఉప్పు డబ్బా పొయ్యికి ఉత్తరాన ఉందండీ అనేవాడు. చెప్పులు పడమటి గోడ పక్కన విడిచేవాడు. నేను నిద్రలో తూర్పుకు దొర్లుతున్నానని చెప్పేవాడు. నేను దిక్సూచి పెట్టి పరీక్షించాను కూడా. ప్రతిసారీ సరిగ్గా చెప్పాడు. మా మేడ మీదికెక్కితే ఇళ్ళ మీదుగా దూరంగా సముద్రం గీతలా కనిపించేది, అది నిజంగానే తూర్పున ఉండేది. పుస్తకాల్లో ఇలాంటి మనుషుల గురించి చదివాను. ఒకాయనతో ఒకే గదిలో ఉంటున్నానని గర్వంగా ఉండేది.

ఇక బల్లమీది ఉత్తరం. అది మేస్త్రీ చెల్లెలు రాసింది. ఆమె మనామాలో ఒక ఇంట్లో వంటపని చేసేది. ఏడాదిగా నెలకు రెండు శుక్రవారాలు ఈయన వెళ్ళి, గుమ్మం దగ్గర అరగంట కూర్చుని, ఇంటి కబుర్లు చెప్పి వచ్చేవాడు. రెండు నెలల కిందట వెళ్తే ఆ ఇంటికి తాళం ఉంది. యజమాని కొత్త ఇల్లు కట్టుకుని అందరినీ తీసుకుని వెళ్ళిపోయాడు. ఎక్కడికని పక్కనున్న కోల్డ్ స్టోరు అనే కిరాణా కొట్టు మలయాళీని అడిగితే సముద్రం పక్కకి అన్నాడట. ద్వీపంలో ఆ చిరునామాతో ఎవరిని వెతకగలం?

అప్పట్లో పోస్టుమాను ఇంటికి వచ్చేవాడు కాదు. ఉత్తరాలన్నీ పోస్టాఫీసులో పెట్టెలకు చేరేవి, ఎవరి పెట్టె వాళ్ళు తెరుచుకునేవాళ్ళు. అందువల్ల చెల్లెలి పెట్టె నంబరు మారలేదు, ఉత్తరాలు ఆగలేదు, ఇల్లు మాత్రం దొరకలేదు. చిరునామా అడుగు అని ఈయన రాశాడు. ఆమె ఇంటి అమ్మగారిని అడిగింది. ఆవిడ ఎంతో దయగా ఒక చీటీమీద మళ్ళీ అదే పెట్టె నంబరు రాసిచ్చింది. అక్కడ చిరునామా అంటే అదే మరి. ఊరి పేరు అడిగితే ఇంట్లో అందరూ 'బైత్ జదీద్' అంటున్నారని రాసింది. నేను ఆ పేరుకోసం అట్లాసు వెనక సూచిక అంతా వెతికాను. పెద్దన్న టీ తాగుతూ, దానికి కొత్తిల్లు అని అర్థమని చెప్పాడు.

ఇవన్నీ మామూలు రోజుల్లో అయితే మెల్లగా తేలేవి. కానీ మేస్త్రీ కాంట్రాక్టు ముగిసింది. కంపెనీ కాగితాలు తయారు చేసేసింది, ఖలాస్, మళ్ళీ రావడం లేదు. టికెట్టు ఆ వచ్చే శనివారానికి కాదు, ఆపై దానికి కాదు, మూడో శనివారానికి. చేతిలో ఉన్నవి మూడు శుక్రవారాలు. చెల్లెలి కాంట్రాక్టు ఇంకా రెండేళ్ళుంది. ఊరినుంచి వాళ్ళమ్మ రాయించిన మాట ఒకటే: పిల్లను కళ్ళతో చూసి రా, చిక్కిందో లేదో నాకు చెప్పాలి. దానికి తోడు ఊరినుంచి వచ్చినాయన చేతికి మాగాయ రెండు సీసాలు పంపింది, ఒక్కొక్కరికి ఒకటి. చెల్లెలి సీసా మూత కూడా తీయకుండా మా గదిలో, ఆయన మాటల్లో చెప్పాలంటే, దక్షిణపు అలమరలో ఉంది.

ఆ గురువారం ఉత్తరంలో చెల్లెలు తనకు కనిపించేదంతా రాసింది. అయిదో తరగతి చదివిన పిల్ల. కానీ నేను చూసిన క్షేత్ర నివేదికల్లో అంత శుభ్రమైనవి తక్కువ. ఇల్లు రెండంతస్తులు. వంటగది కిటికీ ముందు ఖాళీ స్థలం, రోడ్డు, తూర్పున సముద్రం. సముద్రంలో ఉత్తరాన దూరంగా పెద్ద క్రేన్లు. దక్షిణాన దగ్గరలో ఒకే మినారు ఉన్న మసీదు. ఇంటి వెనక, పడమర, ఖర్జూరం తోట, తోటకు అవతల కాళ్ళమీద నిలబెట్టిన నీళ్ళ ట్యాంకు.

నాకు ఒళ్ళు పులకరించింది. లావు పుస్తకంలో నాకు ఇష్టమైన అధ్యాయం ఒకటుంది. గదిలోంచి కదలకుండా, రేవుకు వచ్చిన నావికులను కూర్చోబెట్టి అడిగి, వాళ్ళు చెప్పినదాన్నిబట్టి పటం గీసిన ఒకాయన గురించి. ఆయన చేసిన పని నేనూ చేయగలను అనుకున్నాను. ఆఫీసునుంచి అడిగి తెచ్చుకున్న ద్వీపం పటం బల్లమీద పరిచాను. పైన ట్రేసింగ్ కాగితం పెట్టి, చెల్లెలు చెప్పిన అయిదింటినీ ఆమె చెప్పిన దిక్కుల్లో గుర్తుపెట్టాను. ఆ కాగితాన్ని తీరం వెంబడి జరుపుతూ పోతే ఉమ్మ్ అల్ హస్సామ్ అనే పేట తూర్పు ఒడ్డున చక్కగా కూర్చుంది. సముద్రం తూర్పున. ఉత్తరాన ఓడరేవు, అంటే క్రేన్లు. వెనక కాస్త తోట. మా గదినుంచి నడిచివెళ్ళే దూరం.

"ఇంత దగ్గరుంచుకొని రెండు నెలలు ఏడ్చినవా?" అన్నాడు పెద్దన్న మేస్త్రీతో. మేస్త్రీ అలమరలోంచి సీసా తీసి, తువ్వాలులో చుట్టి, మళ్ళీ లోపల పెట్టాడు.

మొదటి శుక్రవారం ఉదయం ఏడింటికి బయలుదేరాం. మధ్యాహ్నం దాకా ఉమ్మ్ అల్ హస్సామ్ ఒడ్డున తిరిగాం. ఒకే మినారు ఉన్న మసీదులు మూడు చూశాం. రెండంతస్తుల కొత్త ఇళ్ళు తొమ్మిది. ఒక వాచ్‌మన్ భాయ్‌ని కొత్త ఇల్లేది అని అడిగితే, వీధినంతా చేత్తో చూపించి అన్నీ కొత్తవేనన్నాడు. మేస్త్రీ ప్రతి గేటు దగ్గరా నిలబడి లోపల పనిచేసే ఆడమనిషి ఎవరైనా కనిపిస్తే 'తెలుగా అమ్మా' అని అడిగాడు. ఒకచోట సింహళం పిల్ల తల అడ్డంగా ఊపింది. ఇంకోచోట తమిళావిడ, మేమెవరిని వెతుకుతున్నామో విని, లోపలికెళ్ళి చల్లటి నీళ్ళు తెచ్చి గేటు సందులోంచి ఇచ్చింది. తొమ్మిది ఇళ్ళలో రెండింటికి ఎవరూ పలకలేదు. ఆ రెండింటి వంటగదులూ సముద్రం వైపు లేవు.

గదికి చేరాక మేస్త్రీ సీసాను అలమరలో పెట్టి, కాళ్ళు కడుక్కుని వచ్చి, బల్లమీది ట్రేసింగ్ కాగితాన్ని చాలాసేపు చూశాడు.

"మీ పటం బాగానే ఉందండి," అన్నాడు. "ఇల్లే దాని దగ్గరికి రాలేదు."

తిట్టి ఉంటే బాగుండేది. నేను వెంటనే కూర్చుని చెల్లెలికి పంపడానికి ప్రశ్నలు రాశాను. మొత్తం పద్నాలుగు. కారులో బజారుకు వెళ్ళేటప్పుడు ఎన్ని మలుపులు తిరుగుతుంది? నీళ్ళు వెనక్కి పోయినప్పుడు బురద ఎంత దూరం బయటపడుతుంది? ట్యాంకుకు కాళ్ళెన్ని, రంగేమిటి? వంటగదిలోకి ఎండ ఏ వేళకు వస్తుంది? ఈ చివరిది ఎందుకు రాశానో నిజం చెప్పాలి. అది నా తెలివి కాదు. కొలతల పుస్తకంలో ఏ చోటునైనా వర్ణించేటప్పుడు నీడలు తప్పకుండా రాయాలని ఉంటుంది. పుస్తకంలో ఉంది కాబట్టి రాశాను.

పెద్దన్న ఆ జాబితా చదివాడు. "ఆస్పత్రిల కేసు షీటు గూడ ఇంత పొడుగు ఉండది తమ్మీ. ఆ పిల్ల అంట్లు తోముతదా, పరీక్ష రాస్తదా?" అన్నాడు. అన్నాడే గానీ, శనివారం పొద్దున డ్యూటీకి పోతూ ఆయనే పోస్టాఫీసుకు తీసుకెళ్ళి వేశాడు.

రెండో శుక్రవారానికి జవాబు రాలేదు. పైగా స్లాబు కాంక్రీటు ఉందని కంపెనీ మేస్త్రీని డ్యూటీకి పిలిచింది. నేనొక్కణ్ణే వెళ్ళి పలకని రెండు ఇళ్ళ ముందు మళ్ళీ నిలబడ్డాను. నిలబడ్డాక తోచింది, ఆమె ముఖం నాకు తెలియదని. గంటలో వెనక్కి వచ్చాను. ఆ సాయంత్రం మేస్త్రీ సామాను సర్దడం మొదలుపెట్టాడు. సీసాను సూట్‌కేసులో పెట్టలేదు, గదిలోనూ ఉంచలేనన్నాడు. తను వెళ్ళాక నేను గానీ పెద్దన్న గానీ ఎప్పుడైనా ఇవ్వగలమా అని అడిగాడు. ఇస్తామన్నాం. "సీసా ఇస్తారు సరే. చిక్కిందో లేదో మా అమ్మకి ఎవరు చెప్తారు?" అన్నాడు.

మంగళవారం జవాబు వచ్చింది. పద్నాలుగు ప్రశ్నలకూ వరుస నంబర్లు వేసి మరీ రాసింది. మేస్త్రీ మంచం మీద కూర్చుని చదువుతుంటే నేను బల్ల దగ్గర ఒక్కొక్కటే గుర్తుపెట్టుకుంటున్నాను. మలుపులు నాలుగు. బురద చాలా దూరం. ట్యాంకుకు కాళ్ళు ఆరు, తెల్ల రంగు. చివరిది ఎండ. పొద్దున్న వంటగదిలోకి ఎండ పడదట. సాయంత్రం ఇంట్లోవాళ్ళకు టీ కాచే వేళకు మాత్రం ఎదురుగా కళ్ళలో కొడుతోందట. తట్టుకోలేక కిటికీకి గోనెసంచి కట్టిందట.

నేను పెన్సిలు ఆపాను. ఏ కిటికీ అని అడిగాను. వంటగదికి ఒకటే కిటికీ, సముద్రం కనిపించేది అదేనని ఆయన మొదటి ఉత్తరం తీసి చూపించాడు.

"అయితే మేస్త్రీ, సముద్రం పడమర ఉంది," అన్నాను.

ఆయన నావైపు జాలిగా చూశాడు. "సముద్రం పడమరకెందుకు ఉంటాదండీ? సముద్రమంటేనే తూర్పు కదా."

ఆ మాట అన్న తీరు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. వాదన కాదు. ఉప్పు ఉప్పగా ఉంటుందని చెప్పినట్టు చెప్పాడు. వాళ్ళ ఊళ్ళో పుట్టినవాడికి రెండూ ఒకటే. సముద్రం వైపు వెళ్ళడం అంటే తూర్పుకు వెళ్ళడం. దాన్నిబట్టే మిగతా మూడు దిక్కులూ. మా గది దగ్గర సముద్రం నిజంగానే తూర్పున ఉండడంవల్ల ఆయన దిక్కులు సరిపోయాయి, దిక్సూచి పెట్టి పరీక్షించి మరీ నేను మోసపోయాను. చెల్లెలు కూడా కొత్తింట్లో దిగి, కిటికీలోంచి సముద్రాన్ని చూసి, తూర్పు అక్కడ పెట్టుకుంది. సముద్రం ఎరగని ఊళ్ళో పుట్టిన నేను, ఆమె తూర్పు అంటే సూర్యుణ్ణి చూసి చెప్పిందనుకున్నాను.

లావు పుస్తకం తీశాను. గదిలోంచి కదలని ఆ పటాలాయన నావికులను ఏమేమి అడిగేవాడో ఒక పేజీలో వరుసగా ఉంది. అందులో మొదటి ప్రశ్న, నువ్వేం చూశావు అని కాదు. నీది ఏ ఊరు అని. దానికింద పెన్సిలు గీత ఉంది. ఆ గీత గీసింది నేనే, చాలా నెలల కింద. బాగుందనిపించి గీసి ముందుకు వెళ్ళిపోయాను. నా పద్నాలుగు ప్రశ్నల్లో అది లేదు. అడగనక్కర్లేదు, ఆ ఊరు పేరు నాకు తెలుసు. తెలిసినదాన్ని లెక్కలోకి తీసుకోలేదు, అంతే.

ట్రేసింగ్ కాగితాన్ని మళ్ళీ గీయవలసిన పని పడలేదు. కింది అంచు పైకి వచ్చేలా తిప్పాను. ఇప్పుడు సముద్రం పడమర. క్రేన్లు దక్షిణాన. మసీదు ఉత్తరాన. తోట, ట్యాంకు తూర్పున. ద్వీపం పటంమీద పడమటి తీరం వెంబడి కాగితాన్ని జరిపాను. బుదయ్యా దాటి కాస్త దక్షిణంగా వచ్చేసరికి మసీదు గుర్తు మసీదు మీద, తోట తోటమీద పడ్డాయి. ఇక క్రేన్లు. అప్పట్లో సౌదీకి సముద్రంమీద వంతెన కడుతున్నారు. అక్కడినుంచి చూస్తే ఆ క్రేన్లు సరిగ్గా దక్షిణానే కనిపించాలి. రెండు వారాలు వాటిని ఓడరేవు అనుకున్నాను.

మేస్త్రీ ఇంకా ఒప్పుకోలేదు. కాగితం తలకిందులుగా ఉందని మర్యాదగా గుర్తుచేశాడు. చెల్లెలు ఇంత వయసు వచ్చి తూర్పు పడమరలు తెలియని పిల్ల కాదన్నాడు. అదీ తన వైపు ఆడపిల్లమీద నింద పడుతోందని బాధపడుతూ అన్నాడు. గురువారం పెద్దన్న వచ్చాక ఇద్దరం కలిసి చెప్పాం. ఆయన టీ గ్లాసును సూర్యుణ్ణి చేసి, బల్ల చుట్టూ తిప్పి చూపించాడు. చివరికి మేస్త్రీ, "సరే, రేపు ఎటైనా పోవాల్సిందే కదండీ, అటే పోదాం," అన్నాడు. నమ్మి కాదు. శుక్రవారం అదొక్కటే మిగిలింది. శనివారం విమానం.

పెద్దన్న తన కూటంలో డ్రైవరుగా పనిచేసే ఒకాయన పికప్ అడిగి తెచ్చాడు. ప్రార్థన సంగతేమిటి అంటే, "ఒక్కనాడు నేను లేకుంటే పాటలు ఆగుతయా? ఇంకా మంచిగ పాడుతరు," అన్నాడు. ముగ్గురం ముందు సీట్లో ఇరుక్కుని కూర్చున్నాం. నా ఒళ్ళో పటం, మేస్త్రీ ఒళ్ళో సీసా. దారి పొడవునా ఖర్జూరం తోటలు, మధ్యలో గోడలు, ఉండుండి ఒక కొత్త ఇల్లు. బుదయ్యా దాటాక తెల్లటి ట్యాంకు కనిపించింది. పెద్దన్న బండి ఆపకుండానే కాళ్ళు లెక్కపెట్టాడు. ఆరు.

మసీదు దగ్గర బండి దిగి నడిచాం. ఎదురుగా సముద్రం, ఎడమ పక్కన దూరంగా నీళ్ళలో సన్నగా క్రేన్లు. మొదటి వీధిలో రెండంతస్తుల ఇళ్ళు రెండున్నాయి, వాటి కిటికీలు సముద్రం వైపు లేవు. నేను నిలబడి పటం విప్పుతుంటే ఎక్కడినుంచో అరుపు వినబడింది. తల ఎత్తేసరికి అవతలి ఇంటి మేడ మీద బట్టలు ఆరేస్తున్న ఒకమ్మాయి తడిబట్ట చేతిలో పట్టుకుని పిట్టగోడమీదికి వంగి ఉంది.

"అన్నయ్యా! ఇటు, ఇటు! తూర్పు గేటుకి రా!"

పెద్దన్న నా భుజంమీద చెయ్యి వేసి ఆపాడు. మేస్త్రీ ఒక్క క్షణం తటపటాయించి, సముద్రం వైపున్న గేటుకు పరుగెత్తాడు. అదే సరైన గేటు.

ఆమె కిందికి వచ్చేసరికి ఇంట్లో ముసలావిడ కూడా వెనకే వచ్చింది. నల్ల బట్టలో చిన్నగా ఉంది. ఎవరు మీరని అరబ్బీలో అడిగింది. చెల్లెలు వేలితో మేస్త్రీని, తనను చూపించి ఏదో చెప్పింది. ముసలావిడ లోపలికి రమ్మంది. మేస్త్రీ తన బూట్లు చూసుకుని వద్దన్నాడు. ఆవిడ లోపలికెళ్ళి రెండు ప్లాస్టిక్ కుర్చీలు ఈడ్చుకుంటూ తెచ్చి గేటు నీడలో వేసింది, కూర్చోండి, యల్లా అన్నట్టు చెయ్యి ఊపింది. కాసేపటికి మా అందరికీ టీ వచ్చింది, పెద్దన్న వెళ్ళి తెచ్చిన పికప్ దగ్గర నిలబడ్డ మా ఇద్దరికి కూడా.

చెల్లెలు చిక్కలేదు. కొంచెం ఒళ్ళు చేసింది. మేస్త్రీ ఆ మాట ఆమెతో అంటే, నువ్వే ఎండు చేపలా అయ్యావని తిరిగి అంది. మాగాయ సీసా మూత అక్కడే తీసి వాసన చూసి, అమ్మ మెంతిపిండి తక్కువ వేసిందంది. రెండు నెలలుగా ప్రతి శుక్రవారం పొద్దున బట్టలు ఆరేసే పని తనే అడిగి పెట్టుకుందట. మేడ మీదినుంచి రోడ్డు కనిపిస్తుందని.

ఇన్ని రోజులు ఎందుకు పట్టిందని అడిగితే మేస్త్రీ నన్ను దగ్గరికి పిలిచాడు. "ఇదిగో, నువ్వు రాసిన తూర్పు పడమరంటమ్మా. ఈ ఓవర్సీరుగారు తేల్చారు." ఆమె నావైపు చూసి, నేనేదో పొరపాటు పడ్డ పెద్దమనిషినన్నట్టు నవ్వింది.

నేను ఉండబట్టలేక అడిగాను. రోజూ సాయంత్రం సూర్యుడు సముద్రంలోకి దిగడం చూడలేదా అని.

"చూశానండి," అంది. "ఈ దేశంలో ఆదివారం శుక్రవారం వస్తాది కదండీ. ఇదీ అలాగే కాబోలనుకున్నాను."

పెద్దన్న టీ ఒలకబోసుకున్నాడు. మేస్త్రీ మాత్రం నవ్వలేదు. చెల్లెలు చెప్పినదాంట్లో న్యాయం ఉందన్నట్టు తల ఊపాడు. నేను వెనక్కి వచ్చి పికప్‌కు ఆనుకుని నిలబడ్డాను. వాళ్ళు తర్వాత ఏం మాట్లాడుకున్నారో వినలేదు. ఆమె ఒకసారి కళ్ళు తుడుచుకుంది, ఆయన ఒకసారి అటు తిరిగి కూర్చున్నాడు. అంతే కనిపించింది.

భోజనాల వేళకు లోపలినుంచి పిలుపు వచ్చింది. ఆమె సీసా తీసుకుని లేచింది. ముసలావిడ కుర్చీలు తీయనివ్వకుండా ఇంకాస్సేపు కూర్చోమని సైగ చేసింది గానీ, వడ్డించాలి కాబట్టి చెల్లెలే ఉండలేనంది. గేటు మూసుకున్నాక మేస్త్రీ బండి దగ్గరికి వచ్చి, అమ్మకు చెప్పడానికి సరిపడా చూశానన్నాడు.

చేతిగడియారం చూడడం నాకు అలవాటు. వాళ్ళిద్దరూ గేటు దగ్గర కూర్చున్నది ముప్పై ఏడు నిమిషాలు.